తాత రశీదు, మనవడి కిరాయి: సరిహద్దు తెలుగు కుటుంబాల ఇంటి లెక్క

పాతవాళ్లు ఇప్పటికీ చాందా అనే చంద్రపూర్ జిల్లాలో, బల్లార్షా, రాజూరా వైపు, తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఒక ట్రంకు పెట్టె కనిపిస్తుంది. పెళ్లి చీరల అడుగున, ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచిన ఒక పసుపుబారిన చీటీ అందులో ఉంటుంది. అది ఘర్‌పట్టీ రశీదు, అంటే ఇంటి పన్ను కట్టినట్టు ఇచ్చిన కాగితం. దాని మీద తాత పేరు, ఇంటి నంబరు, సంవత్సరం ఉంటాయి. ఆ సంవత్సరం 1950కి ముందుదైతే ఇంటికన్నా చీటీకే విలువెక్కువ. మనవరాలి ఇంజినీరింగ్ సీటు, మనవడి సర్కారు కొలువు, ఆఖరికి కొత్తగా వచ్చే సర్కారు ఇల్లు, అంటే ఘర్‌కుల్ కూడా దాన్ని పట్టుకునే వస్తాయి. అదే తాత ఆ రోజుల్లో కిరాయి గదిలో కాపురం ఉండి ఉంటే పెట్టెలో చీరలే మిగులుతాయి. కిరాయి కట్టినట్టు అప్పట్లో ఎవరు రశీదిచ్చారు కనుక?

సొంతిల్లు, కిరాయి ఇల్లు అనగానే నెలనెలా చేతిలోంచి పోయే డబ్బే గుర్తొస్తుంది. ఆ తేడా నిజమే, దాని లెక్క కింద ఉంది. కానీ మహారాష్ట్ర సరిహద్దులో అసలు దెబ్బ డబ్బు దగ్గర తగలదు, కాగితం దగ్గర తగులుతుంది. సొంతిల్లు ఉన్నవాడికి ఇల్లే కాగితాలు పుట్టిస్తుంది. కిరాయిదారు ప్రతి కాగితానికీ ఇంకొకరి సంతకం కోసం ఎదురుచూడాలి. 2011 జనగణన ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం కిరాయి ఇళ్లలో ఉన్నాయి, పల్లెల్లో 3.4 శాతమే. పల్లె నుంచి గని దగ్గరికో మిల్లు దగ్గరికో వచ్చిన కుటుంబం ఆ రెండో లెక్కలోంచి మొదటి లెక్కలోకి జారుతుంది. జారడం ఒక్క రైలు ప్రయాణంలో అయిపోతుంది, తిరిగి పైకి ఎక్కడానికి మూడు తరాలు పడుతుంది.

ఈ ప్రాంతపు తెలుగువాళ్లంతా ఒకేలా వచ్చినవాళ్లు కారు. రాజూరా, కిన్వట్ తాలూకాలు నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లావి. 1956లో నాందేడ్‌లో కలిశాయి, రాజూరా మళ్లీ 1959లో చాందా జిల్లాకు వెళ్లింది. అక్కడివాళ్లు ఎక్కడికీ కదల్లేదు, రాష్ట్రమే వాళ్ల మీదుగా జరిగింది. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు, ప్రాణహిత ఒడ్డున ఉన్నవాళ్లదీ పాత కాపురమే. బల్లార్‌పూర్ (అదే బల్లార్షా) కాగితం మిల్లుకు, చుట్టుపక్కల బొగ్గు గనులకు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు రెండో రకం. ఇటుక బట్టీలకు, మేస్త్రీ పనులకు ఇప్పుడొస్తున్నవాళ్లు మూడో రకం. ముగ్గురూ ఇంట్లో ఒకే భాష మాట్లాడతారు. తహసీల్ ఆఫీసు కౌంటర్ దగ్గర మాత్రం ముగ్గురివీ మూడు వేరు వేరు కథలు.

ఆ కౌంటర్ దగ్గర అడిగేది ఒక తేదీ. మహారాష్ట్రలో జాత్ ప్రమాణపత్రం, అంటే కుల ధ్రువపత్రం కావాలంటే, కుటుంబం ఫలానా తేదీ నాటికే ఈ రాష్ట్రపు గడ్డ మీద ఉన్నట్టు చూపాలి. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. రుజువులుగా పాత ఘర్‌పట్టీ రశీదు, భూమి రికార్డు, ఇల్లు కొన్న దస్తావేజు, బడి రిజిస్టరు నకలు లాంటివి పెట్టాలి. ఇందులో సగం ఆస్తి ఉన్నవాడి దగ్గరే దొరికేవి. 1970లలో గనికొచ్చిన మాదిగ కుటుంబం చంద్రపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్లలకు కూడా ఆ తేదీ చూపించలేకపోతుంది.

తెలంగాణలో ఉన్న కుల పత్రం ఇక్కడ చెల్లదా అని చాలామంది అడుగుతారు. చెల్లదు. 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖర రావు కేసులో ఈ సంగతి తేల్చింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయికి వచ్చిన విద్యార్థి అతను. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయినంత మాత్రాన మహారాష్ట్ర వైద్య కళాశాలలో ఆ రిజర్వేషన్ రాదని కోర్టు చెప్పింది. ఒక రాష్ట్రంలో వెనకబాటు ఇంకో రాష్ట్రంలో వెనకబాటు కాకపోవచ్చన్నది తర్కం. తర్కం సంగతి ఎలా ఉన్నా, ఫలితం మాత్రం వలస వచ్చిన పేదవాడి మీదే పడింది. గని దగ్గర కిరాయి గదిలో ఉన్న దళిత కుటుంబానికి కులం వల్ల వచ్చే అవమానం సరిహద్దు దాటి వెంట వస్తుంది, కులం వల్ల వచ్చే హక్కు వార్ధా నది అవతలే ఆగిపోతుంది.

ఇక్కడి నుంచి ముడి బిగుస్తుంది. పేదలకు ఇళ్లు కట్టించే పథకాలు మహారాష్ట్రలో కులాల వారీగా ఉన్నాయి. ఎస్సీలకు రమాయి ఆవాస్, ఎస్టీలకు శబరి ఆవాస్, విముక్త, సంచార జాతులకు యశ్వంతరావ్ చవాన్ ముక్త్ వసాహత్, ఓబీసీలకు 2023లో వచ్చిన మోదీ ఆవాస్. జనం అన్నిటినీ కలిపి ఘర్‌కుల్ అంటారు. వీటికి కుల పత్రం కావాలి, కుల పత్రానికి పాత ఇంటి కాగితం లాంటి రుజువు కావాలి. అంటే ఇల్లు లేనివాళ్ల కోసం పెట్టిన పథకం, ఒకప్పుడు ఇల్లు ఉన్నవాళ్లకే సులువుగా అందుతుంది. కులంతో పని లేని పీఎం ఆవాస్ గ్రామీణ్‌లో మామూలు ప్రాంతాల్లో 1.20 లక్షలు, గడ్చిరోలి లాంటి నక్సల్ ప్రభావిత జిల్లాల్లో 1.30 లక్షలు ఇస్తారు. కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు కట్టాలి. డబ్బు ఒకేసారి రాదు. పని ఎంతవరకు వచ్చిందో ఫోన్‌లో ఫొటో తీసి ఎక్కిస్తేనే తర్వాతి విడత పడుతుంది. పునాది వేయడానికి కాళ్ల కింద జాగా లేనివాడు రెండో ఫొటో దాకా వెళ్లడు. జాగా కొనుక్కోవడానికి పండిత్ దీన్‌దయాళ్ పేరిట ఇంకో సాయం ఉంది. 500 చదరపు అడుగుల వరకు మొదట 50,000 ఇచ్చేవారు, తర్వాత లక్ష చేశారు. బల్లార్షా రోడ్డు పక్కన ఆ డబ్బుకు జాగా చూపించేవాళ్లుంటే మంచిదే.

జాగా కొలతతోనే ఒక తికమక మొదలవుతుంది. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు, 121 గజాలు, 1,089 చదరపు అడుగులు. ఇదే మాట ఒడిశాలో ఎకరంలో ఇరవై అయిదో వంతు, 1,742 చదరపు అడుగులు. బరంపురం వైపు బంధువులతో ధరలు పోల్చుకునేవాళ్లు ఈ సంగతి ముందు తేల్చుకోవాలి. ఇక్కడ ఆ ఒక్క గుంట కొనడమే కష్టం. తుకడేబందీ అని పిలిచే 1947 నాటి చట్టం పొలాన్ని చిన్న ముక్కలుగా అమ్మడాన్ని అడ్డుకుంటుంది. 2023లో తగ్గించాక కూడా మెట్టకు 20 గుంటలు, తరి భూమికి 10 గుంటలు కనీస పరిమితి. దానికన్నా చిన్న ముక్క అమ్మితే మామూలుగా రిజిస్ట్రేషన్ కాదు. తర్వాత సడలింపులు వచ్చినా, అప్పటికే చేతులు మారిన ముక్కలు ఒకటీ రెండూ కావు. కూలీకి కావాల్సింది ఒక గుంట, అమ్మేవాడి దగ్గర ఉన్నది ఎన్‌ఏ (వ్యవసాయేతర భూమి) కాని పొలం. అందుకని ఇద్దరూ నోటరీ దగ్గరికి వెళ్తారు. స్టాంపు కాగితం ఒకప్పుడు వంద రూపాయలది, 2024 అక్టోబరు నుంచి అయిదొందలది. దాని మీద ‘అమ్మితిని, కొంటిని’ అని మరాఠీలో రాసి సంతకాలు పెడతారు. డబ్బు చేతులు మారుతుంది, సాత్‌బారా (7/12) అనే భూమి రికార్డు మీద పేరు మాత్రం మారదు. పదేళ్ల తర్వాత అమ్మినవాడు చనిపోతే, వారసులు వచ్చి అదే పొలాన్ని ఇంకొకరికి మొత్తంగా రిజిస్టరు చేయిస్తారు. చట్టం దృష్టిలో అది మోసంలా కనిపించదు. ఇల్లు కట్టుకున్నవాడే ఆక్రమణదారు అవుతాడు.

ఊరి లోపలి గావ్‌ఠాణ్‌లో, అంటే ఊరి ఇళ్ల జాగాలో, ఇల్లుంటే ఇంత బాధ లేదు. స్వామిత్వ పథకం 2020లో మొదలైంది, డ్రోన్‌తో కొలిచి ప్రాపర్టీ కార్డు ఇస్తున్నారు. గావ్‌ఠాణ్ హద్దు నుంచి 200 మీటర్ల లోపు జాగాకు ఎన్‌ఏ మార్పు కూడా కాస్త సులువు. అయితే గావ్‌ఠాణ్ నడిబొడ్డున ఎవరి ఇళ్లున్నాయి, ఊరి చివర, సర్కారు జాగాలో ఎవరి గుడిసెలున్నాయి అన్నది ఏ ఊరివాళ్లకైనా తెలిసిన విషయమే. 2011 జనవరి 1కి ముందు సర్కారు జాగాలో ఉన్న ఇళ్లను క్రమబద్ధం చేయమని ఉత్తర్వులున్నాయి. ఆ తేదీ నిరూపించడానికి కావాల్సింది మళ్లీ ఘర్‌పట్టీ రశీదో లైట్ బిల్లో.

ఇప్పుడు డబ్బు లెక్క. నెలకు 4,000 కిరాయి, ఏటా 5 శాతం పెంపు అనుకుందాం. పదిహేనేళ్లలో కట్టేది దాదాపు 10 లక్షల 36 వేలు. అదే పదిహేనేళ్లకు 9 శాతం వడ్డీతో 6 లక్షల బ్యాంకు అప్పు తీసుకుంటే కంతు నెలకు 6,086, మొత్తం 10 లక్షల 95 వేలు. అంటే దాదాపు సమానం. తేడా ఏమిటంటే ఒకడికి చివర్లో ఇల్లుంటుంది, ఇంకొకడికి పదహారో ఏడు కిరాయి మొదలవుతుంది. మొదట్లో నెలకు రెండు వేలు ఎక్కువ కట్టగలవాడే ఈ ఆటలో దిగగలడు. దిగడానికి ఇంకో ద్వారం కూడా ఉంది. బ్యాంకు 9 శాతానికి ఇవ్వాలంటే ఎన్‌ఏ ప్లాటు, రిజిస్టరైన దస్తావేజు, మంజూరైన నక్ష కావాలి. పంచాయతీ ఇచ్చే నమూనా 8 ఉతారా (ఇంటి పన్ను రిజిస్టరు నకలు) మాత్రమే ఉంటే బ్యాంకు తల అడ్డంగా ఊపుతుంది, చిన్న ఫైనాన్స్ కంపెనీ దగ్గరికి పోవాలి. అక్కడ 15 శాతం అనుకుంటే అదే 6 లక్షలకు కంతు 8,398, మొత్తం 15 లక్షల 11 వేలు. ఇల్లూ అంతే, ఇటుకలూ అంతే. అదనంగా కట్టే 4 లక్షల 16 వేలు అచ్చంగా కాగితం లేనందుకు కట్టే జరిమానా.

కిరాయిదారుకు కాగితం ఇప్పించే చట్టం మహారాష్ట్రలో లేకపోలేదు. మిగతా దేశంలో పదకొండు నెలల ఒప్పందం రాసుకోవడానికి కారణం, ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడం. మహారాష్ట్రలో ఆ ఉపాయం పనికిరాదు. 1999 నాటి కిరాయి నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం వర్తించే చోట, ఒప్పందం ఎన్ని నెలలదైనా రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. ఆ బాధ్యత యజమానిదే. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు లేదా అయిదు వేల దాకా జరిమానా. తగాదా వస్తే కిరాయిదారు చెప్పిన షరతులే నిజమని, తప్పని తేలేదాకా, చట్టం అనుకుంటుంది. ఖర్చూ పెద్దది కాదు. 4,000 కిరాయి, 20,000 డిపాజిట్, పదకొండు నెలలకు లెక్కేస్తే స్టాంపు సుంకం పావు శాతం చొప్పున 115 రూపాయల దగ్గర ఉంటుంది. రిజిస్ట్రేషన్ రుసుము పల్లెలో 500, పట్టణంలో 1,000. ఆధార్ వేలిముద్రతో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

మరి ఎందుకు చేయించరు? కిరాయిదారు పాతుకుపోతాడన్న భయం ఒకటి. అదీ సగం అపోహే. గడువు దాటి ఉంటే రెట్టింపు వసూలు చేసుకునే వీలు ఆ చట్టమే యజమానికి ఇచ్చింది. పెద్ద కారణం వేరే ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. యజమాని ఇల్లే గుంఠేవారీ (గుంటల లెక్కన కోసి అమ్మిన) ముక్క మీద, అనుమతి లేకుండా కట్టింది. తన పేరున కాగితం లేనివాడు ఇంకొకరికి కాగితం ఎలా రాస్తాడు? కాగితం లేమి ఇలా యజమాని నుంచి కిరాయిదారుకు దిగుతుంది.

దాని ఫలితం బడి గేటు దగ్గర కనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితం. ఇల్లు బడికి కిలోమీటరు లోపు ఉంటే ముందు అవకాశం. చిరునామా రుజువుగా సొంతిల్లు ఉన్నవాళ్లు లైట్ బిల్లో ఘర్‌పట్టీయో పెడితే చాలు. కిరాయి ఇంటివాళ్లు రిజిస్టరైన ఒప్పందం పెట్టాలి. నోటరీది చెల్లదు, దరఖాస్తు తర్వాత చేయించినదీ చెల్లదు. లాటరీలో పేరొచ్చాక, కాగితాల పరిశీలనలో సీటు పోతుంది. ఈ రాష్ట్ర నివాసినన్న డొమిసైల్ పత్రానికి పదిహేనేళ్ల నివాసం చూపాలి. ఏడాదికో గది మారే కుటుంబం పదిహేనేళ్లను ఏ చిరునామా మీద చూపిస్తుంది?

కరెంటు మీటరు సంగతి చిన్నదే, కానీ నెలనెలా కోత కోసేది అదే. కరెంటు రేటు మెట్లుగా ఉంటుంది, మొదటి 100 యూనిట్లు చవక, ఆ పైన రేటు పెరుగుతుంది. రేకుల షెడ్డులో వరుసగా మూడు గదులు, మూడిటికీ కలిపి ఒకే మీటరు. గదికి 70 యూనిట్లు కాలితే విడివిడి మీటర్ల మీద ముగ్గురూ చవక మెట్టులోనే ఉంటారు. ఒకే మీటరు మీద అది 210 అవుతుంది, సగానికి పైగా పై మెట్టు రేటుకు ఎక్కుతుంది. యజమాని ఆ భారాన్ని, పైన ఇంకొంత కలిపి, యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తాడు. తక్కువ వాడే పేదవాడికి ఇచ్చిన రాయితీ గది తలుపు దాకా రాకుండానే ఆవిరవుతుంది. నది దాటితే తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితం, కిరాయిదారులకు కూడా. సిర్పూర్ కాగజ్‌నగర్‌లో చెల్లెలు, బల్లార్షాలో అక్క ఉంటే పండగ పూట ఈ మాట రాక మానదు. ఖాళీ చేయించడానికి నీళ్లూ కరెంటూ ఆపడం మహారాష్ట్ర కిరాయి చట్టంలో నిషిద్ధం. కోర్టుకెళ్తే ముందు తాను కిరాయిదారునని చూపాలి, చేతిలో ఒప్పందం ఉండదు.

అసలు గది దొరకడమే కొందరికి కష్టం. ‘ఇల్లు కిరాయికి ఇవ్వబడును’ బోర్డు చూసి వెళ్తే మొదటి ప్రశ్న ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే రెండోది ‘మాంసం తింటారా?’ ఆ రెండో ప్రశ్న అడిగేది కూరల గురించి కాదని ఇద్దరికీ తెలుసు. 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం అంటరానితనం కారణంగా ఏ పేటలోనైనా ఇంట్లో కాపురం ఉండకుండా అడ్డుకోవడం నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి అయిదొందల రూపాయల జరిమానా. అయితే ఇల్లు ఇవ్వనివాడు కారణం చెప్పడు, ‘నిన్ననే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చిపోయారు’ అంటాడు. ఆ అబద్ధం చెప్పే సౌకర్యం కూడా ఆస్తిలో భాగమే. ఇలా నాలుగు చోట్ల కాదనిపించుకున్న కుటుంబం చివరికి తమవాళ్లున్న బస్తీలోనే, అదే కొలత గదికి ఎక్కువ కిరాయికి చేరుతుంది. ఎంచుకునే వీలు లేదని అక్కడి యజమానికీ తెలుసు.

వరద వచ్చినప్పుడు ఈ తేడా అంతా రెండు రోజుల్లో బయటపడుతుంది. 2022 జూలైలో ప్రాణహిత, గోదావరి పొంగి సిరొంచ తాలూకా మునిగింది. విపత్తు సాయం నిబంధనల్లో పూర్తిగా కూలిన ఇంటికి మామూలు ప్రాంతాల్లో 1.20 లక్షలు, గుడిసెకు 8,000. ఆ ఇల్లు అధికారికంగా గుర్తించిన కట్టడమై ఉండాలన్న షరతు ఉంది. సాయం ఇంటికి, అంటే ఇంటి యజమానికి. కిరాయిదారుకు దక్కేది బట్టలకు 2,500, వంటసామానుకు 2,500, అదీ పంచనామాలో పేరెక్కితే. మంచం, టీవీ, కుట్టుమిషన్, పిల్లల పుస్తకాలు పోయింది కిరాయిదారువే. పంచనామాకు తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) వచ్చే వేళకు కిరాయిదారు బంధువుల ఇంటికి వెళ్లి ఉంటాడు, యజమాని మాత్రం గుమ్మం దగ్గరే ఉంటాడు.

గని క్వార్టర్లలో ఉన్నవాళ్లను సొంతిల్లువాళ్లలో కలపాలా, కిరాయివాళ్లలో కలపాలా అన్నది తేలని విషయం. ముప్పై ఏళ్లు నామమాత్రపు కోతతో ఉంటారు. రిటైరయ్యాక గడువులోపు ఖాళీ చేయకపోతే పీనల్ రెంటు పడుతుంది. అరవై ఏళ్ల వయసులో, జీతం ఆగిన నెలలో, జీవితంలో మొదటిసారి కిరాయి ఇల్లు వెతుక్కుంటారు. గని నడిచిన కాలంలో గుంట జాగా కొన్నవాళ్ల పిల్లలకూ, కొననివాళ్ల పిల్లలకూ మధ్య తేడా ఇవాళ కంటికి కనబడుతుంది. జీతాలు మాత్రం ఇద్దరివీ ఒకటే.

ఇల్లు ఉండీ కాగితం లేని వింత కూడా ఈ సరిహద్దులోనే ఉంది. మహారాష్ట్రలోని జివతి తాలూకాకూ తెలంగాణలోని కెరమెరి మండలానికీ మధ్య 14 ఊళ్లు తమవేనని రెండు రాష్ట్రాలూ అంటాయి. అక్కడ రెండు వైపులా ఓట్లున్నాయి, రెండు వైపులా బడులున్నాయి, దున్నుకునే భూమికి పట్టా కోసం మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూపు.

ఇంటి కాగితం లేని కుటుంబం చేయగలిగిన పని ఒకటుంది. చట్టం తేదీ అడుగుతుంది కానీ ఆస్తినే అడగదు. పాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగమైన చాందా, సిరొంచ వైపు ఊళ్లలో పుట్టుకలు, చావులు రాసిన కోత్వాల్ బుక్‌లు తహసీల్ రికార్డు గదుల్లో ఉంటాయి. అందులో మనిషి పేరు, తండ్రి పేరు, కులం రాసి ఉంటాయి. ఇల్లు సొంతమా కాదా అన్న గడి ఉండదు. రాజూరా, కిన్వట్ లాంటి నిజాం ప్రాంతంలో పాత ఖాస్రా పహాణీలు (పొలాల రికార్డులు) వెతకాలి, ఓబీసీ తేదీకి 1954-55ది కూడా పనికొస్తుంది. అవి ఉర్దూలో ఉంటే అనువాదం జత చేయాలి. బడి వైపు నుంచి తాతదో, నానమ్మ అన్నదమ్ములదో ప్రవేశ్ నిర్గమ్ ఉతారా (బడి రిజిస్టరు నకలు) తీయించాలి. ఉతారా వచ్చాక ముందు చూడాల్సింది ఇంటిపేరు. మరాఠీ గుమాస్తాలు తెలుగు ఇంటిపేర్ల చివర ‘వార్’ తగిలించడం ఇక్కడ పాత అలవాటు. 1948 రిజిస్టర్లో ‘చింతల’ అని, తండ్రి లీవింగ్ సర్టిఫికెట్‌లో ‘చింతల్‌వార్’ అని, ఆధార్‌లో ఇంకేదో ఉంటే, ముగ్గురూ ఒకే కుటుంబమని వంశావళి అఫిడవిట్ ముందే పెట్టాలి. ఫైలు కుల పత్రాల పరిశీలన సమితి దాకా వెళ్లాక ఆ తేడా బయటపడితే విజిలెన్స్ విచారణకు పంపుతారు. విచారణకు వచ్చే మనిషి పాత చిరునామాకే వస్తాడు, అప్పటికి ఆ గదిలో వేరేవాళ్లు కిరాయికి దిగి ఉంటారు.